వేలు ఆగిన చోట్లు

మేడ మీది గది,
కూరగాయల బజారు వెనక వీధి,
జూన్ 3

చిరంజీవి పిచ్చుకకు,

ఆశీస్సులు. ముందుగా ఒక పుకారును సరిదిద్దవలసి ఉంది. నేను అధ్యక్షుల వారికి ఫోను చేసి, "నా ఫైళ్ళు తీసేస్తే నా ప్రోగ్రాం తీసుకుని పోతాను" అని బెదిరించానని, నేను మూడేళ్ళ క్రితం వదిలి వచ్చిన మన ముద్రణాలయంలో చెప్పుకుంటున్నారట. బైండింగు గదిలో పుట్టిన ఈ వార్త గేటు దగ్గరికి చేరేసరికి, ఫోనులో నేను వెక్కి వెక్కి ఏడ్చానని కూడా తేలిందట. దీన్ని నాకు మోసుకొచ్చింది మీ అమ్మ. నా చెల్లెలు వార్త తెచ్చేటప్పుడు దారిలో ఎక్కడా తూకం తగ్గనివ్వదని నీకు తెలుసు.

నేనెవరికీ ఫోను చేయలేదు. గాలిలో కలిసిపోయే మాటకు జవాబుదారీ ఉండదు కనుక ఫోనులో వాదించే అలవాటు నాకు లేదు. ఏడవనూ లేదు. ఇక ప్రోగ్రాం సంగతంటావా, అది చంకనెత్తుకుని పోవడానికి బిందె కాదు. నేను చేసినదల్లా అధ్యక్షుల వారికి ఒక కార్డు ముక్క రాయడం: "నా మాట వినేవరకు తొలగింపు ఆపించగలరు." అంతే.

ఈ ఉత్తరం నకలు ఆయనకు కూడా పంపుతున్నాను. ఆయన కంప్యూటరు మనిషి కారు కాబట్టి నీకు తెలిసిన సంగతులే మళ్ళీ చెబితే విసుక్కోకు.

మన దగ్గర మామూలు అక్షరాల్లో ఉన్న పాఠ్యపుస్తకం ఒకటి ఉంటుంది, అది మూలం. ఏ అక్షరానికి ఏ చుక్కలు వేయాలో, పంక్తి ఎక్కడ విరగాలో చెప్పే నియమాలు నా ప్రోగ్రాంలో ఉంటాయి. ఈ రెండూ కలిస్తే పుట్టేవి చుక్కల ఫైళ్ళు. యంత్రం వాటిని బట్టి దళసరి కాగితం మీద బ్రెయిలీ చుక్కలు గుద్దుతుంది, చూపు లేని పిల్లలు వాటిని వేళ్ళతో చదువుతారు. ఎవరు ఎప్పుడు ఏది మార్చారో తేదీతో సహా గుర్తుపెట్టుకునే భాండాగారం ఒకటుంది. దాని పేరు వెర్షన్ కంట్రోల్. అందులో మూలమూ నియమాలూ ఉండాలని అందరమూ ఒప్పుకుంటాం. వాటి నుంచి పుట్టిన చుక్కల ఫైళ్ళు కూడా ఉండాలా అన్నదే మన తగవు. కావలసినప్పుడు మళ్ళీ పుట్టించుకోవచ్చు, దాచడం దేనికని నీ వాదన. వాటిని పట్టించుకోవద్దని భాండాగారానికి చెప్పే ఇగ్నోర్ జాబితాలో ఒక పంక్తి చేర్చేశావు. వచ్చే వారం ఉన్నవాటిని తీసేస్తావు.

నా అభ్యంతరాలు వినిపించుకో. మళ్ళీ పుట్టించవచ్చు అనే మాటలో, పుట్టించే సాధనం అప్పటికి బతికుంటే అనే షరతు దాక్కుని ఉంది. ఈ ప్రోగ్రాం నడిచే కంప్యూటరు పదేళ్ళ తర్వాత దొరుకుతుందని నువ్వు రాసివ్వగలవా? అదొక్కటే కాదు. పిల్ల వేలికి తగిలేది మూలమూ కాదు, నియమమూ కాదు, ఆ చుక్కే. మనం జవాబు చెప్పుకోవలసింది దేనికో దాన్నే దాచనక్కరలేదంటే నాకు మింగుడు పడదు.

తొలగింపు ఆపు. జవాబు కాగితం మీద రాయి.

మీ పెద్దమ్మ

*

సాంకేతిక విభాగం,
మూడో అంతస్తు,
జూన్ 11

గౌరవనీయులైన పెద్దమ్మగారికి,

నమస్కారాలు. ఆఫీసు కాగితం మీద రాస్తున్నాను, పైగా నకలు అధ్యక్షులవారికి వెళ్తోంది కాబట్టి "మీరు" అంటున్నాను. పుకారు నా నోటి నుంచి రాలేదు. మీ కార్డు ముక్క అధ్యక్షులవారి బల్ల మీద రోజంతా వెల్లకిలా పడి ఉందట. టీ ఇచ్చే ఆవిడ దగ్గర నుంచి అందరూ చదివారు. మిగతా కథ వాళ్ళే అల్లుకున్నారు.

తొమ్మిదేళ్ళ క్రితం ఇక్కడ నా మొదటి రోజు మీకు గుర్తుందా? నన్ను బోర్డు దగ్గర నిలబెట్టి, పుట్టించగలిగినదాన్ని చేత్తో ముట్టుకోకూడదని పదిసార్లు రాయించారు. రెండో నెలలో ఒక చుక్కల ఫైల్లో నేను ఒక్క కామా దిద్దితే, నలుగురిలో నిలబెట్టి కడిగేశారు. "తప్పు మూలంలో ఉంటే మూలంలో దిద్దు. నియమంలో ఉంటే నియమంలో దిద్దు. ఫలితాన్ని దిద్దేవాడు రేపు తన దిద్దుబాటును తానే చెరుపుకుంటాడు" అన్నారు. ఆ రోజు నేను భోజనం చేయలేదు. కానీ ఆ మాట మీదే ఇన్నాళ్ళూ బతుకుతున్నాను. ఇప్పుడు ఆ మాటకు ఎదురు నిలబడింది మీరే.

మీరు చెప్పిన షరతు నిజమే, ఒప్పుకుంటాను. దానికి మందు సాధనాన్ని కూడా భద్రపరచడం, ఫలితాన్ని పోగేయడం కాదు. ఫలితాన్ని దాచడం వల్ల ఏమవుతుందో కూడా చెబుతాను. గత సంవత్సరం తొమ్మిదో తరగతి సైన్సులో ఒక ప్రయోగం కొలతలు తప్పని బడి వాళ్ళు రాస్తే మూలంలో దిద్దాం. కానీ అచ్చు విభాగం వాళ్ళు భాండాగారంలో సిద్ధంగా ఉన్న పాత చుక్కల ఫైలు తీసుకుని యంత్రానికి ఇచ్చేశారు. రెండు వందల నలభై పుస్తకాలు పాత కొలతలతోనే వెళ్ళాయి. మూలం ఒకటి చెబుతుంటే ఫలితం ఇంకొకటి చెబుతోంది, రెండూ మన ఇంట్లోనే ఉన్నాయి. ఏది నమ్మాలి?

పదో తరగతి లెక్కల పుస్తకం ఈ ఏడు మారింది. కొత్త లెక్కలతో అక్టోబరులో అచ్చుకు వెళ్ళాలి. మళ్ళీ పుట్టించక తప్పదు.

ఇంకొకటి. ప్రతి చుక్కల ఫైలు నెత్తిమీదా మీ చేత్తో రాసిన హెచ్చరిక ఉంది: "మళ్ళీ పుట్టించవద్దు. పాత యంత్రానికి సరిపడదు." ఆ పాత యంత్రాన్ని తుక్కు కింద అమ్మేసి ఏడేళ్ళయింది. అమ్మకం కాగితం మీద సంతకం మీదే. మరి హెచ్చరిక ఇంకా ఎందుకుంది? మీరు చెప్పని కారణం ఏదైనా ఉందా?

అక్టోబరు సమావేశంలో ప్రోగ్రాంకు మీ పేరు పెట్టి మిమ్మల్ని సన్మానించాలని కార్యవర్గం తీర్మానించింది. అభినందనలు.

మీ విధేయురాలు,
సాంకేతిక విభాగాధిపతి

*

మేడ మీది గది,
జూన్ 16

సాంకేతిక విభాగాధిపతి గారికి,

మీ లేఖ అందినది. నీ ముక్కు తుడిచిన చేత్తో ఈ సంబోధన రాయడం నాకు కష్టంగానే ఉంది, అయినా మర్యాదకు మర్యాద.

సైన్సు పుస్తకం ఉదంతం నాకు తెలియదు. బాధపడ్డాను. అది అచ్చు విభాగం అజాగ్రత్త అని సరిపెట్టుకోగలను గానీ, సరిపెట్టుకోను.

నా కారణాలు మొదటి ఉత్తరంలో చెప్పాను. వాటికి కలపవలసిందేమీ లేదు. హెచ్చరిక మాట పాతది, ఉండిపోయింది. సన్మానం గురించి తర్వాత మాట్లాడుకుందాం.

ఒక్క కోరిక. ఏదైనా తొలగించే ముందు, పాత లెక్కల పుస్తకాన్నే ఒకసారి కొత్తగా పుట్టించి అచ్చు వేయించు. భాండాగారంలో ఉన్నదాన్ని కూడా అచ్చు వేయించు. రెండింటినీ వేళ్ళతో చదివే మనిషి ఎవరికైనా ఇవ్వు. ఏది ఏదో చెప్పకు. ఫలితం నాకు రాయి.

పెద్దమ్మ

*

మా ఇల్లు, వంటింటి బల్ల,
జూలై 9

పెద్దమ్మా,

ఇది ఆఫీసు కాగితం కాదు, నకలు ఎవరికీ వెళ్ళదు. పక్కన పప్పు ఉడుకుతోంది. అది మాడితే పాపం నీదే.

నువ్వు చెప్పినట్టే చేశాను. అచ్చు వేయించక ముందే రెండు ఫైళ్ళనూ పక్కపక్కన పెట్టి పోల్చాను. ఒకే మూలం, ఒకే నియమాలు, ఒక్క చుక్క కూడా తేడా రాకూడదు కదా. నాలుగు వందల పన్నెండు చోట్ల తేడా వచ్చింది. ప్రోగ్రాం చెడిపోయిందనుకుని మూడు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. అన్నం తినేటప్పుడు కూడా గొణుక్కుంటుంటే, మా ఆయన నన్ను డాక్టరుకి చూపిద్దామా అని మా అత్తగారిని అడిగాడు.

తర్వాత చరిత్ర తెరిచాను. మూలంలో ఏ మార్పూ లేని రోజుల్లో కూడా చుక్కల ఫైళ్ళు మారాయి. ప్రతిసారీ సాయంత్రం నాలుగు దాటాక. ప్రతిసారీ నీ పేరే. సందేశం ఎప్పుడూ ఒక్కటే: "అచ్చుకు సిద్ధం." పదకొండేళ్ళు ఇలా సాగి, నాలుగేళ్ళ క్రితం ఒక మంగళవారం టక్కున ఆగిపోయింది.

అచ్చు ప్రతులు రెండూ బడిలో లెక్కల టీచరుకి ఇచ్చాను. ఆవిడ పుట్టుకతోనే చూపు లేని మనిషి, ఇరవై ఏళ్ళుగా పదో తరగతికి చెబుతోంది. ఒకే అధ్యాయం రెండింట్లోనూ చదివింది. భాండాగారంలోది నలభై నిమిషాలు పట్టింది. కొత్తగా పుట్టించింది గంటా పది నిమిషాలు. తప్పులేమైనా ఉన్నాయా అని అడిగితే, రెండింట్లోనూ లేవంది. కాసేపు కాగితాలు తడుముతూ కూర్చుని అప్పుడు చెప్పింది: "ఇది ఎవరో చదివి అచ్చేశారమ్మా. అది ఎవరూ చదవకుండా అచ్చేశారు."

ఈ నాలుగేళ్ళలో మేం వేసిన కొత్త పుస్తకాలు నత్తలా నడుస్తున్నాయని బళ్ళ నుంచి ఉత్తరాలు వస్తుంటే, పిల్లలకి సాధన తగ్గిందనుకున్నాను నేను. జవాబులు కూడా అలాగే రాశాను. ఇప్పుడు సిగ్గేస్తోంది.

పెద్దమ్మా, చేత్తో దిద్దావు కదూ. నువ్వు. నాతో బోర్డు మీద పదిసార్లు రాయించిన నువ్వు. కోపం రావాలి నాకు, వచ్చింది కూడా, కానీ దానికంటే ముందు ఇంకో ప్రశ్న వచ్చింది. నువ్వు చుక్కల్ని కళ్ళతో చదువుతావు. వేలు ఎక్కడ తడబడుతుందో నీకు తెలిసే దారి లేదు. ఆ దిద్దుబాట్లు నీవి కావు. ఎవరివి?

పిచ్చుక

*

మేడ మీది గది,
జూలై 15

పిచ్చుకా,

ఈ ఉత్తరం మూడుసార్లు చించి నాలుగోసారి రాస్తున్నాను. చించినవన్నీ బాగా రాసినవే. అందుకే చించాను.

అవి జడ్జిగారివి.

నీకు ఆయన గుర్తుండే ఉంటారు. ప్రూఫులు చదివే మనిషి. అచ్చయిన మొదటి ప్రతిని వేళ్ళతో చదివి, తప్పు దొరికితే బల్ల మీద రెండుసార్లు కొట్టేవారు. అందుకని అందరూ జడ్జిగారు అనేవారు. "ఈరోజు ఎన్ని కేసులు కొట్టేశారండీ" అని బైండింగు వాళ్ళు ఆటపట్టిస్తే, "మేడమ్‌గారి కేసులు పై కోర్టుకి పంపాను" అనేవారు. రోజూ మూడు గంటలకు ఆయన నా గదికి వచ్చేవారు. మేము టీ తాగుతామని మీరందరూ అనుకున్నారు. టీ కూడా తాగేవాళ్ళం.

మొదటిసారి జరిగింది చెబుతాను. పదో తరగతి లెక్కలు; పరీక్షలు పదకొండు రోజుల్లో ఉన్నాయి. ప్రూఫు మీద ఆయన వేలు ఆగింది, కానీ బల్ల మీద కొట్టలేదు. తప్పేమిటని అడిగాను.

"తప్పు లేదు మేడమ్. సమీకరణం సగం పైన, సగం కింద పడింది. మీ నియమం ప్రకారం పడొచ్చు. కానీ నా వేలు కింది పంక్తి మొదలు వెతుక్కుని వచ్చేలోపల పైన ఏముందో జారిపోతోంది. మీకు కళ్ళున్నాయి, రెండూ ఒక్కసారే చూసేస్తారు."

నియమం మార్చాలంటే రెండు రోజులు. మార్చాక అన్ని పుస్తకాలూ మళ్ళీ సరిచూడాలి. నేను చుక్కల ఫైలు తెరిచి ఆ సమీకరణాన్ని చేత్తో కిందికి జరిపాను. ఈ ఒక్కసారికి అనుకున్నాను. మర్నాడు ఆయన మరో ఆరు చోట్లు చూపించారు.

ఆ తర్వాత ఆగలేదు. దిద్దినవి పోకుండా ఉండాలంటే చుక్కల ఫైళ్ళను భాండాగారంలో పెట్టాలి, పెట్టాను. ఎవరూ వాటిమీద మళ్ళీ పుట్టించి చెరపకుండా ఉండాలంటే ఒక కారణం చెప్పాలి. పాత యంత్రం పేరు చెప్పాను. అది అబద్ధం. నా తొలి ఉత్తరంలో నీకు వినిపించిన వాదనలు అబద్ధాలు కావు, కానీ వాటిని నేను వెతుక్కున్నది తర్వాత. ముందు ముడి పడింది, తర్వాత దానికి సిద్ధాంతం కట్టాను.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. ఆ కంప్యూటరు గదిలో నేను తొలిసారి అడుగు పెట్టినప్పుడు, తుడవడానికి వచ్చాననుకుని ఒక పెద్దమనిషి కాళ్ళు పైకెత్తి కూర్చున్నాడు. నా ప్రోగ్రాంలో లోపం దొరకాలని పదేళ్ళు ఎదురుచూసినవాళ్ళు ఆ గదిలో ఉన్నారు. దీన్ని రోజూ ఒక మనిషి కూర్చుని సరిచేయాలి అని నా నోటితో నేను చెప్పలేకపోయాను. నా గర్వాన్ని నీకు పరిచయం చేయనక్కరలేదు.

నువ్వు చేరిన ఏడాది వార్షికోత్సవం గుర్తుందా? వేదిక మీద నాకు శాలువా కప్పి, ఈ పుస్తకాలకు మనిషి చెయ్యి తగలదు, అంతా అమ్మగారి ప్రోగ్రాం మహిమ అని అప్పటి అధ్యక్షులు చెప్పారు. మూడో వరసలో జడ్జిగారు కూర్చుని ఉన్నారు. నేను మైకు ముందు నిలబడి అందరికీ కృతజ్ఞతలు చెప్పాను. కరెంటు పని చూసే అతనికి కూడా చెప్పాను. ఆయనకు చెప్పలేదు. ఆయన చప్పట్లు కొట్టారు. బయటికి వచ్చేటప్పుడు మెట్ల దగ్గర నా మోచేయి పట్టుకుని, "మీ ప్రోగ్రాంకి వేళ్ళు చాలా సున్నితం మేడమ్" అన్నారు. నేను నవ్వాను. ఆయనా నవ్వారు. మర్నాడు మూడు గంటలకు ఎప్పటిలాగే వచ్చారు. పంతొమ్మిదో పేజీ తీసి, వేలు ఇక్కడ ఆగిందన్నారు. ఆ ప్రసక్తి మళ్ళీ ఎప్పుడూ తేలేదు. ఆయన అడిగి ఉంటే చెప్పేదాన్నని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అడగనివాడి మీద నెపం పెట్టడం ఎంత సులువో చూడు.

నాలుగేళ్ళ క్రితం ఆ మంగళవారం ఆయన రాలేదు. బుధవారం కబురు వచ్చింది. ఆ తర్వాత ఏడాది నేను ఉద్యోగంలో ఉన్నాను. మూడు గంటలకు తలుపు వేసుకుని కొత్త పుస్తకాల చుక్కల ఫైళ్ళు తెరిచి చూసేదాన్ని. ఎక్కడ జరపాలో ఒక్క చోటైనా నాకు తెలియలేదు. అన్నీ సరిగానే కనబడేవి. అందుకే ఉద్యోగం మానుకున్నాను, వయసు పైబడి కాదు.

ఇప్పుడు నీ చేతిలో ఉన్నది ఇదీ. తొలగిస్తే ఆయన పదకొండేళ్ళ చదువు పోతుంది. ఉంచితే నా అబద్ధం ఉంటుంది, కొత్త పుస్తకాలు అలాగే తడబడతాయి.

పెద్దమ్మ

*

మా ఇల్లు,
జూలై 22

పెద్దమ్మా,

నీ ఉత్తరాన్ని రెండు రోజులు పప్పు డబ్బా వెనక దాచాను. మా ఆయనకి కూడా చూపించలేదు.

నేనొక దారి ఆలోచించాను, విను. పాత పుస్తకాల చుక్కల ఫైళ్ళు ఎలా ఉన్నవి అలా ఉంచేద్దాం. ఇగ్నోర్ జాబితాలో నేను చేర్చిన పంక్తి తీసేస్తాను. కార్యవర్గానికి, పెద్దమ్మగారి వాదనే సబబుగా ఉందని ఒక పేజీ రాసిస్తాను. వాళ్ళు సంతోషంగా ఒప్పుకుంటారు, ఆయాసం తప్పిందని. అక్టోబరులో సన్మానం జరుగుతుంది, నువ్వు ఆ ముదురు నీలం చీర కట్టుకుని వస్తావు.

మారిన లెక్కల పుస్తకం సంగతి నాకు వదిలెయ్యి. లెక్కల టీచరు రోజూ గంటసేపు వచ్చి చదువుతానంది. ఆవిడ చెప్పిన చోట్ల, ఈ ఒక్కసారికి, నేనే చేత్తో జరిపేస్తాను. తర్వాత తీరిక చూసుకుని నియమాల సంగతి ఆలోచిద్దాం.

నన్ను తిట్టకు. ఎవరికి చెప్పాలి చెప్పు? జడ్జిగారు లేరు. ఆయనకి పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. ఇప్పుడు చెబితే ఆయనకి కొత్తగా వచ్చేదేముంది? నీకు మాత్రం పోయేది బోలెడుంది. నలభై ఏళ్ళు ఆ గదిలో నిలబడ్డావు. బైండింగు గది వాళ్ళ నోట్లో నీ పేరు నానడం నేను చూడలేను. ఒక కార్డు ముక్కకే అంత కథ అల్లారు, దీనికి ఏం అల్లుతారో.

సరేనని ఒక్క మాట రాయి. లేదంటే వచ్చి నా దగ్గర పది రోజులుండు, కూర్చుని మాట్లాడుకుందాం. మేడ మెట్లు ఎక్కి దిగుతూ అక్కడ ఒక్కదానివే ఎందుకు?

పిచ్చుక

*

మేడ మీది గది,
సెప్టెంబరు 20

చిరంజీవి పిచ్చుకకు,

ఆశీస్సులు. రెండు నెలలు జవాబు రాయనందుకు నువ్వు నొచ్చుకుని ఉంటావు. మీ అమ్మ రెండుసార్లు వచ్చి నేను బతికే ఉన్నానని నిర్ధారించుకుని వెళ్ళింది. రెండోసారి వచ్చినప్పుడు నేను కళ్ళు మూసుకుని కాగితం తడుముతూ కనిపించాను. కాబట్టి నా చూపు పోయిందన్న వార్త నీకు ఈపాటికి అంది ఉండాలి. అదీ నిజం కాదు.

నీ ఉత్తరంలో "ఈ ఒక్కసారికి" అన్న చోట ఆగిపోయాను. పదిహేనేళ్ళ క్రితం ఆ మాట అనుకున్నప్పుడు నన్ను మందలించే మనిషి లేదు. నీకు ఉంది. పిచ్చుకా, చేత్తో జరపకు. టీచరు చెప్పిన మంచినంతా తీసుకెళ్ళి, రేపు ఎవరో ఒకరు మళ్ళీ పుట్టించగానే చెరిగిపోయే చోట రాయకు. నీ మొదటి వాదనే సరైనది. పుట్టించినదాన్ని దాచనక్కరలేదు. దాచవలసి వచ్చిందంటే, మూలంలో చెప్పవలసినది ఏదో మనం చెప్పకుండా ఉంచామన్నమాట.

జడ్జిగారు ఎక్కడ దిద్దించారో భాండాగారం చెబుతుంది. ఎందుకు దిద్దించారో చెప్పదు. పాత ప్రూఫు కాగితాలు నా మంచం కింద మూడు పెట్టెల్లో ఉన్నాయి. నేను వాటిని వేళ్ళతో చదవడం మొదలుపెట్టాను. డెబ్బై మూడేళ్ళ వేలికి చుక్కలు మొదట ఇసుకలా తగిలాయి. మూడు వారాలకు పదాలు తగిలాయి. ఐదో వారంలో ఒక పొద్దున, దిద్దకముందు అచ్చయిన ఒక ప్రూఫు చదువుతుంటే, భిన్నం మధ్యలో నా వేలు దానంతటది ఆగింది. చరిత్ర తెరిచి చూస్తే ఆయన ఆగిన చోటు అదే. చాలాసేపు ఆ కాగితం మీద నుంచి చెయ్యి తీయలేదు.

తర్వాత పని నడిచింది. అన్ని పుస్తకాల్లోనూ కలిపి ఆయన దిద్దించినవి మూడు వేల రెండు వందల ఎనిమిది. వాటిలో రెండు వేల ఏడు వందల తొంభై చోట్లకు కారణాలు పంతొమ్మిదే. భిన్నాన్ని విరవకూడదు, పట్టిక శీర్షికను పేజీ అడుగున ఒంటరిగా వదలకూడదు, అలాంటివి. ఆ పంతొమ్మిదీ నియమాలుగా రాశాను. ఇక ముందు ఏ కొత్త పుస్తకమైనా వాటితోనే పుడుతుంది. మూడు వందల ఎనభై ఏడు చోట్లు నియమానికి ఒదగలేదు. వాటికి మూలంలోనే గుర్తు పెట్టి, పక్కన కారణం రాశాను. ముప్పై ఒకటి మిగిలాయి. ఎన్నిసార్లు తడిమినా అక్కడ నా వేలు ఆగలేదు. వాటికీ గుర్తులు పెట్టాను. కారణం అన్న చోట "నాకు తెలియదు; ఆయన ఆగారు" అని రాశాను.

అప్పుడు ఆయన చదివిన పుస్తకాలన్నిటినీ కొత్తగా పుట్టించి, పాత చుక్కల ఫైళ్ళతో పోల్చాను. మీరు మూలంలో దిద్దిన ఆ సైన్సు కొలతలు తప్ప ఒక్క పంక్తి తేడా లేదు.

నేను మానేసి మూడేళ్ళయినా ఇంటి నుంచే భాండాగారంలోకి వెళ్ళనిచ్చే నా తాళం ఇంకా పనిచేస్తోంది. విభాగాధిపతిగా ఇది నీ నిర్లక్ష్యం. ఈ ఉత్తరం అందగానే మార్చు. అది నాకు పనికొచ్చింది కనుక గట్టిగా తిట్టడం లేదు.

పోయిన సోమవారం పొద్దున చుక్కల ఫైళ్ళన్నీ నేనే తొలగించాను. ఇగ్నోర్ జాబితాలో నువ్వు రాసిన పంక్తిని అలాగే ఉంచాను. పాత చరిత్రను మాత్రం ముట్టుకోలేదు. "అచ్చుకు సిద్ధం" అంటూ నా పేరు మీద ఉన్నవన్నీ అక్కడే ఉంటాయి. వాటిని చెరిపితే అది రెండో అబద్ధమవుతుంది. మంగళవారం అధ్యక్షుల వారికి మూడు పేజీలు రాసి పంపాను. జరిగినదంతా రాశాను, వేదిక మీద నేను ఎవరెవరికి కృతజ్ఞతలు చెప్పానో కూడా. ప్రోగ్రాంకు నా పేరు వద్దని, సన్మానానికి రానని చెప్పాను. జడ్జిగారికి కొత్తగా వచ్చేదేముందని అడిగావు. నాకు తెలియదు. ఆయనకు రావలసినది నా దగ్గర ఉండిపోయిందని మాత్రం తెలుసు.

దీనికోసం జీతాల గుమాస్తాకు ఒక ఉత్తరం రాయవలసి వచ్చింది. పదకొండేళ్ళు రోజూ నా ఎదురుగా కూర్చున్న మనిషి ఇంటిపేరు నాకు తెలియదు పిచ్చుకా. గుమాస్తా రిజిస్టరు చూసి, పూర్తి పేరు, అక్షరం పోకుండా రాసి పంపాడు.

భాండాగారం ప్రతి మార్పుకూ రెండు పేర్లు అడుగుతుంది: ఆ మార్పు రాసిన మనిషి పేరు, తెచ్చి చేర్చిన మనిషి పేరు. మామూలుగా రెండూ ఒకటే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పంతొమ్మిది నియమాలకూ, గుర్తులన్నిటికీ, రాసినవారు అన్న చోట ఆయన పూర్తి పేరు పెట్టాను. ఆయన వేలు ఆగిన రోజుల తేదీలే వేశాను. చేర్చినవారు అన్న చోట నా పేరు, ఈ సెప్టెంబరు తేదీ ఉన్నాయి. నిన్ను అడగలేదు. అడిగితే వద్దనేదానివి. రేపు ఎవరైనా వచ్చి పొరపాటు పడ్డారనుకుని ఆ పేర్లను అటూ ఇటూ మార్చబోతే, అది పొరపాటు కాదని చెప్పు.

మీ పెద్దమ్మ